డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు మూడు రోజుల లెక్క

శ్రోతలకు నమస్కారం. అరవై దాటిన మగవాళ్ళు ఇంట్లో ఎవరితోనూ చెప్పుకోని ఒక ఇబ్బంది గురించి ఇవాళ మాట్లాడుకుందాం. మూత్రం గురించి. రేడియో పెట్టిన గదిలో కోడళ్ళూ మనవలూ కూడా ఉండొచ్చు. ఉండనివ్వండి, వాళ్ళు విన్నా మంచిదే. తాతయ్య రాత్రి ఎన్నిసార్లు లైటు వేస్తున్నాడో అందరికంటే ముందు తెలిసేది వాళ్ళకే.

రాత్రిళ్ళు పదేపదే లేవడం. వెళ్ళాక కాసేపు నిలబడితే గానీ రాకపోవడం. ధార సన్నబడటం. అయిపోయిందనుకున్నాక చుక్కలు పడి పంచె తడవడం. వస్తోందంటే ఇక ఆగలేకపోవడం. వీటిలో ఏది మొదలైనా అందరి నోటా ఒకటే మాట: ప్రొస్టేట్. మూత్రసంచి కింద, మూత్రనాళం చుట్టూ ఉండే గ్రంథి అది. వయసుతో పాటు పెరుగుతుంది. అరవయ్యేళ్ళకి దాదాపు సగం మందిలో ఆ మార్పు ఉంటుంది. అయితే ఒక్క మాట. ప్రొస్టేట్ పెరిగిన ప్రతివాళ్ళకీ ఇబ్బంది ఉండదు. ఇబ్బంది ఉన్న ప్రతివాళ్ళకీ కారణం ప్రొస్టేట్ కాదు. ఈ రెండో ముక్క చెప్పడానికే ఈ ప్రసంగం ఒప్పుకున్నాను.

ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన, డెబ్బై దాటాయి, రామ్‌నగర్ నుంచి భార్యను వెంటబెట్టుకుని వచ్చారు. కుర్చీలో కూర్చోకముందే స్కానింగ్ కవరు బల్ల మీద పెట్టారు. "సార్, రాత్రి నాలుగైదు సార్లు లేస్తున్న. ప్రొస్టేట్ పెరిగిందంట. ఆపరేషన్ చేసెయ్యున్రి, పీడ పోతది" అన్నారు. కవర్లో చూస్తే ప్రొస్టేట్ 38 గ్రాములు. పడుచువాళ్ళలో అది ఇరవై గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. పెరిగిన మాట నిజమే. కానీ గ్రాముల్ని చూసి ఆపరేషన్ చెయ్యరు. ఎనభై గ్రాములున్నా హాయిగా నిద్రపోయేవాళ్ళున్నారు, ముప్ఫైకే మూత్రం ఆగిపోయినవాళ్ళూ ఉన్నారు.

ముందు ప్రశ్నలు అడిగాను. దీనికి ప్రపంచమంతా వాడే ఏడు ప్రశ్నల పట్టిక ఒకటుంది. గత నెల రోజుల్లో ధార ఎలా ఉంది, మధ్యమధ్యలో ఆగుతోందా, ముక్కాల్సి వస్తోందా, ఇట్లాంటివి. ఒక్కోదానికి సున్నా నుంచి ఐదు మార్కులు, మొత్తం 35. ఏడు వరకు వస్తే స్వల్పం, ఇరవై గానీ ఆపైన గానీ వస్తే తీవ్రం. నాకిష్టమైంది మాత్రం ఆ ఏడూ కాదు, వాటి తర్వాత వచ్చే ఎనిమిదో ప్రశ్న: మిగతా జీవితమంతా ఇలాగే గడపాల్సి వస్తే మీకెలా ఉంటుంది? పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. "బస్సెక్కి చుట్టాలింటికి పోవుడు బందు పెట్టిన సార్" అన్నారు. ముప్ఫై ఏళ్ళు బస్సులో తిరిగిన మనిషి! మార్కుల్లో ఎక్కడా పడని బాధ అది.

మార్కులు చూస్తే, ధార ఫర్వాలేదు, ఆగడం లేదు, ముక్కడం లేదు. రాత్రి లేవడం దగ్గర మాత్రం నిండా ఐదు. నాకు అక్కడే అనుమానం వచ్చింది. దారిలో అడ్డు ఉంటే ధార కూడా బాధపెట్టాలి కదా?

అప్పుడు ఆయన చేత మూడు రోజుల లెక్క రాయించాను. గీతలున్న ప్లాస్టిక్ జగ్గు ఒకటి, రెండు రూళ్ళ నోట్‌బుక్కు ఒకటి. ఎన్ని గంటలకు వెళ్ళారు, ఎన్ని మిల్లీలీటర్లు వచ్చింది, ఏం తాగారు, ఎంత తాగారు, ఎప్పుడు పడుకున్నారు, ఎప్పుడు లేచారు. అంతే. స్టేజీ స్టేజీకీ ఎస్సార్, అంటే టికెట్ల లెక్క కాగితం, రాసిన చెయ్యి కదా, గళ్ళు కొట్టి, కూడికలు వేసి, కింద సంతకం కూడా పెట్టి తెచ్చారు. అంత చక్కటి కాగితం నా చేతికి అరుదుగా వస్తుంది.

అందులో ఒక రోజు చెబుతాను, వినండి. పగలు ఐదుసార్లు వెళ్ళారు, మొత్తం 850 మిల్లీలీటర్లు. రాత్రి పడుకున్నాక మూడుసార్లు లేచారు. నాలుగైదు కాదు, మూడు. ఒకసారి 250, ఒకసారి 230, ఒకసారి 260. తెల్లారి లేవగానే 310. ఈ పొద్దుటిది కూడా రాత్రి ఖాతాలోనే వెయ్యాలి, ఎందుకంటే అది తయారైంది నిద్రలోనే. అంతా కలిపితే 1050. అంటే రోజు మొత్తంలో సగానికి పైగా రాత్రే. పెద్ద వయసులో రాత్రి వాటా మూడో వంతు దాటితేనే ఎక్కువ అంటాం.

ఒక్కోసారికి పావు లీటరు వస్తోందంటే సంచి బాగానే పట్టుకుంటోంది, బాగానే వదులుతోంది. అదే యాభై, అరవై చొప్పున వచ్చి ఉంటే కథ వేరు. అప్పుడు సంచి పూర్తిగా ఖాళీ కావడం లేదనో, నిండకుండానే తొందరపెడుతోందనో అనుకోవాలి. పోసుకున్నాక లోపల ఎంత మిగిలిందో స్కానింగులో చూశాం, 30 మిల్లీలీటర్లే. కాబట్టి ఆయన సంచిది తప్పు కాదు. రాత్రిపూట మూత్రం ఎక్కువగా తయారవుతోంది. ఎందుకు?

చెప్పులు విప్పమన్నాను. చీలమండ మీద బొటనవేలు పెట్టి నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. పొద్దంతా టీవీ ముందు కుర్చీలో కాళ్ళు వేలాడేసి కూర్చుంటారు. బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతున్నారు, దానితో కొందరికి కాళ్ళు వాస్తాయి. పగలంతా కాళ్ళలో చేరిన నీరు, పడుకోగానే రక్తంలోకి తిరిగొస్తుంది. కిడ్నీలు తమ పని తాము చేస్తాయి. దీనికి తోడు భోజనంలో పెద్ద చెంబుడు మజ్జిగ, సీరియల్ చూస్తూ ఇంకో చాయ్. గురక ఉందా అని అడిగితే ఆయన లేదన్నారు. వెనక నుంచి ఆవిడ, "పక్కింటోళ్ళకు ఇనబడ్తది సార్" అన్నది. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగే జబ్బు ఉంటే కూడా రాత్రి మూత్రం ఎక్కువ తయారవుతుంది. అందుకే నిద్ర పరీక్షకు కూడా రాశాను.

బీపీ మందు ఆయన ఫిజీషియనే మార్చారు. ఇది గట్టిగా చెబుతున్నాను: మీ అంతట మీరు బీపీ మాత్ర ఆపకండి. సాయంత్రం కాళ్ళు ఎత్తులో పెట్టుకుని ఓ గంట పడుకోవడం, చీకటి పడ్డాక తాగేది తగ్గించడం, అంతే. కొన్ని వారాలకు రాత్రి ఒకసారికి వచ్చింది. ప్రొస్టేట్ అలాగే ఉంది, 38 గ్రాములు.

ఆ పెద్దాయనకు వేలితో పరీక్ష కూడా చేశాను. మలద్వారం గుండా వేలు పెట్టి ప్రొస్టేట్ తడిమి చూడటం. అరనిమిషం పని. "స్కానింగ్ అయింది కదా, ఇదెందుకు" అని మొహమాటపడతారు. స్కానింగ్ సైజు చెబుతుంది. మెత్తగా ఉందా, రాయిలా గట్టి గడ్డ తగులుతోందా, నొక్కితే నొప్పి ఉందా అనేది వేలికే తెలుస్తుంది. గట్టి గడ్డ తగిలితే క్యాన్సర్ కాదని తేల్చుకోవాల్సిందే.

మూత్ర పరీక్ష, షుగరు, కిడ్నీల పని తెలిపే క్రియాటినిన్ ఎలాగూ చేయిస్తారు. ప్రొస్టేట్ క్యాన్సర్ అనుమానం కోసం చేసే రక్త పరీక్ష పీఎస్ఏ గురించి మాత్రం రెండు మాటలు. ఈ మధ్య హైదరాబాద్‌లో ఏ ఆరోగ్య ప్యాకేజీ చూసినా అందులో పీఎస్ఏ ఉంటోంది, నాలుగు దాటగానే ఇంటిల్లిపాదీ బెంగపడుతున్నారు. ప్రొస్టేట్ ఊరికే పెరిగినా పీఎస్ఏ పెరుగుతుంది, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది. ఇన్ఫెక్షన్ ఉంటే తగ్గాక కొన్ని వారాలు ఆగి చేయించుకోవాలి. ఇంకోటి, ప్రొస్టేట్‌ను కుదించడానికి ఇచ్చే ఫినాస్టెరైడ్, డ్యూటాస్టెరైడ్ లాంటి మాత్రలు ఆరు నెలలు వాడితే ఆ అంకె దాదాపు సగానికి పడిపోతుంది. రెండున్నర వచ్చిందని సంతోషపడకండి, అది ఐదు కావచ్చు. వాడుతున్న సంగతి డాక్టరుకు చెప్పాలి.

మూత్రంలో రక్తం ఒక్కసారి కనిపించినా, మళ్ళీ కనిపించకపోయినా, వెళ్ళి చూపించుకోండి. చలి జ్వరంతో మూత్రం మంటగా ఉన్నా అంతే. పెద్ద వయసులో కొత్తగా పక్క తడుస్తోందంటే సంచి నిండిపోయి పొర్లుతోందేమో చూడాలి, దాన్ని ముసలితనం అని వదిలెయ్యకూడదు. పూర్తిగా ఆగిపోతే తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్ళాలి. చలికాలం పెళ్ళిళ్ళలో ఇది చూస్తుంటాం. జలుబు చేసిందని మెడికల్ షాపులో అడిగి మాత్ర వేసుకుంటారు. అందులోని ఒక మందు సంచి బిగువును తగ్గిస్తుంది, ఇంకొకటి దాని మూతిని బిగిస్తుంది. అసలే ప్రొస్టేట్ పెరిగి ఉంటే ఇక చుక్క రాదు.

నాకిచ్చిన టైము అయిపోవస్తోంది. ఈ వారం చెయ్యాల్సింది ఒకటే. బేగంబజార్‌లోనో మీ వీధి చివరి ప్లాస్టిక్ కొట్లోనో గీతలున్న జగ్గు కొనండి. దాని మీద మార్కరుతో పేరు రాసి బాత్రూంలోనే ఉంచండి, లేకపోతే ఎవరో ఒకరు వంటింట్లోకి పట్టుకుపోతారు. మూడు రోజులు రాయండి, వరసగా కాకపోయినా ఫర్వాలేదు. పెళ్ళి రోజో ఉపవాసం రోజో వద్దు, మామూలు రోజులు కావాలి. లెక్క బాగా రావాలని తాగేది తగ్గించకండి. రాత్రి లేచినప్పుడు కళ్ళజోడు వెతుక్కోలేకపోతే అంకె చెప్పండి, ఇంట్లోవాళ్ళు రాస్తారు. ఆ నోట్‌బుక్కుతో పాటు మీరు వేసుకునే మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి. బీపీవి, షుగరువి, ఆయుర్వేదం చూర్ణం, మొన్న మిగిలిన జలుబు మాత్ర కూడా. నమస్కారం.