చలి కాదు, పొడి: రాయగడ నుంచి ఫలోదీకి తల్లీకూతుళ్ల ప్రయాణం

చెల్లి: నమస్కారం. ఒడిశాలోని రాయగడ నుంచి మాట్లాడుతున్నాం. ఈ రోజు ఎపిసోడంతా ఒక్క ప్రయాణం గురించే. అమ్మకి అరవై దాటాయి, కూతురికి ముప్ఫై దాటాయి. ఇక్కడి బజార్లో ఏళ్ల తరబడి కొట్టు నడిపి, సొంతూరు ఫలోదీకి వెళ్లిపోయిన మార్వాడీ స్నేహితుల ఇంటికి చలికాలంలో వెళ్లాలి. మన రాయగడ, జయపురాల్లో ఇలాంటి స్నేహాలు తక్కువేం కాదు. అక్కా, ముందు ఫలోదీ ఎక్కడో చెప్పు.

అక్క: రాజస్థాన్‌లో, జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్ వెళ్లే రైలుదారిలో ఇంచుమించు సగం దూరంలో. 2016 మే 19న 51 డిగ్రీల ఎండ నమోదైంది ఆ ఊళ్లోనే. అది విన్నవాళ్లు స్వెట్టర్లు ఇంట్లో ఒగ్గేసి బయల్దేరతారు. జనవరిలో అక్కడ పగలు 23, 24 డిగ్రీలుంటే, తెల్లారగట్ల 7, 8 ఉంటుంది. చలిగాలి తోలితే ఇంకా కిందికి పోతుంది.

చెల్లి: మనకి చలి కొత్తేటి? కోరాపుట్, సెమిలిగుడ వైపు పొగమంచులో తిరగట్లేదా?

అక్క: చలి కొత్త కాదు, పొడి కొత్త. మన చలి తడిది. గాలిలో ఉన్న తేమ నేల నుంచి పైకి పోయే వేడిని దుప్పటిలా పట్టి ఉంచుతుంది. అక్కడ గాలిలో తేమ తక్కువ, ఆకాశంలో మబ్బుండదు. పైగా పొడి ఇసుక రేణువుల మధ్య గాలి ఉంటుంది కాబట్టి వేడి లోపలికి దిగదు, పైపొర మాత్రమే కాగుతుంది. పొద్దు గుంకగానే ఆ పైపొర కాస్తా చల్లారిపోతుంది. మధ్యాహ్నం కాళ్లకి వెచ్చగా తగిలిన ఇసుకే రాత్రి ఎనిమిదికి ఐసులా ఉంటుంది. దిబ్బల మీద కూర్చోవాలంటే కింద మందపాటి చాప ఉండాల్సిందే.

చెల్లి: సరే, రైలు సంగతి.

అక్క: విశాఖపట్నం నుంచి భగత్ కీ కోఠీ వెళ్లే వారానికొక్క రైలుంది. రాయగడలో ఆగుతుంది, తిట్లాగఢ్, రాయపూర్ మీదుగా పోతుంది. భగత్ కీ కోఠీ అంటే వేరే ఊరు కాదు, జోధ్‌పూర్‌లోనే ఇంకో స్టేషన్. పెద్ద స్టేషన్‌కి ఆటోలో వెళ్లిపోవచ్చు. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు, పొద్దున్న 8 గంటలకి తెరుస్తారు. జనవరి 20కి కావాలంటే నవంబరు 21న కూర్చోవాలన్నమాట. వారానికి ఒకటే రైలు, ఆ పూట తప్పితే వెయిటింగ్ లిస్టే.

చెల్లి: అమ్మకి కింది బెర్తు?

అక్క: ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. లోయర్ బెర్త్ కోటా 45 దాటిన ఆడవాళ్లకీ, సీనియర్ సిటిజన్లకీ ఉంది. కానీ టికెట్టులో ఉన్నవాళ్లందరూ ఆ అర్హత ఉన్నవాళ్లే అవ్వాలి, అదీ ఒక్కరో ఇద్దరో. అమ్మనీ ముప్ఫై ఏళ్ల కూతుర్నీ ఒకే టికెట్టులో పెడితే ఆ కోటా పని చెయ్యదు. దారులు రెండే. అమ్మకి ఆ కోటాలో విడిగా టికెట్టు తీస్తే కింది బెర్తు దాదాపు ఖాయం, కానీ బోగీలు వేరైపోవచ్చు. లేదంటే ఇద్దరికీ జనరల్ కోటాలో కలిపి తీసి, "కనీసం ఒక లోయర్ బెర్తు వస్తేనే బుక్ చెయ్" అన్న ఆప్షన్ టిక్ పెట్టండి. బుకింగ్ తెరిచిన రోజే అయితే నేను రెండోదే చేస్తాను. అంత దూరం ప్రయాణంలో ఇద్దరూ ఒకచోట ఉండడం ముఖ్యం.

చెల్లి: స్లీపరా, ఏసీయా?

అక్క: ఆ నెలల్లో థర్డ్ ఏసీ. చల్లదనం కోసం కాదు, అద్దాలు మూసుకునే ఉంటాయి, దుప్పటి ఇస్తారు. స్లీపర్‌లో కిటికీ షట్టర్ సందుల్లోంచి రాత్రంతా గాలి కోస్తుంది, పక్కబట్టలు మనవే. ఇంకోటి, ఆ వారం రైలు దొరక్క రాజస్థాన్ జైపూర్ మీదుగా వెతుకుతారు కదా, యాప్‌లో స్టేషన్ కోడ్ చూడండి. అక్కడి జైపూర్ జే పీ. మన కోరాపుట్ జిల్లా జయపురం జే వై పీ. ఇంగ్లీషు స్పెల్లింగు దగ్గరగా ఉంటుంది, వేలు జారితే టికెట్టు పక్క ఊరికే.

చెల్లి: (నవ్వు) ఎడారికని బయల్దేరి జయపురంలో దిగొచ్చు.

అక్క: డిసెంబరు, జనవరిల్లో ఉత్తరాదిన పొగమంచుకి రైళ్లు గంటల తరబడి లేటవుతాయి. అందుకని జోధ్‌పూర్‌లో దిగిన రోజే ఫలోదీ రైలుకి టికెట్టు పెట్టుకోవద్దు. ఒక రాత్రి అక్కడ ఆగండి. బీపీ, షుగరు మాత్రలు రోజులు లెక్కేసుకుని, పైన అయిదు రోజులవి ఎక్కువ పెట్టుకోండి. అవి చేతిసంచిలో ఉండాలి, సీటు కింద పెట్టెలో కాదు.

చెల్లి: బట్టలు?

అక్క: ఒక్కొక్కరికి థర్మల్ జతలు రెండు. వాటి మీద ఉన్ని స్వెట్టరు, దాని మీద గాలి దూరని జాకెట్టు. ఒకే లావుపాటి కోటు కొనుక్కోవడం డబ్బు దండగ. పదిన్నరకి ఒక పొర తియ్యాలి, పన్నెండుకి ఇంకోటి తియ్యాలి, సాయంత్రం అయిదున్నరకి మళ్లీ వేసుకోవాలి. లోపల నూలు బనీను వద్దు. మధ్యాహ్నం పట్టిన చెమటని నూలు పీల్చుకుంటుంది, పొరల కింద ఆ తడి ఆరదు, పొద్దు గుంకాక అదే వణికిస్తుంది. అమ్మకి చీరే అలవాటంటే లోపల థర్మల్ ప్యాంటు, కాళ్లకి సాక్సూ షూసూ. ఊరు దాటితే భురట్ అని ఒక గడ్డి ఉంటుంది, దాని ముళ్లకాయలు చీర కుచ్చిళ్లకీ, ఉన్ని శాలువాకీ అంటుకుంటాయి. వేళ్లతో లాగితే ముల్లు గుచ్చుకుని విరుగుతుంది. పాత దువ్వెనతో దువ్వేయాలి.

చెల్లి: పొడి అన్నావు. ఒంటికి ఏమవుతాది?

అక్క: రెండో రోజుకి పెదవులు చీలతాయి, మూడో రోజుకి మడమలు. కొందరికి ముక్కులోంచి రక్తపు చారలు కూడా వస్తాయి. ముక్కు లోపలి అంచుకి పడుకునే ముందు పిసరంత వాజలిన్ రాస్తే చాలు. స్నానం చేశాక ఒళ్లు పూర్తిగా తుడవకుండా, తడి ఉండగానే నూనె రాయాలి. ఇక మనవాళ్లు కొబ్బరినూనె సన్నమూతి సీసాలో పట్టుకెళ్తారు. అది 24 డిగ్రీలు దాటితేనే కరిగి ఉంటుంది. అక్కడ పొద్దున్న రాయిలా ఉంటుంది, సీసాలోంచి చుక్క రాదు. వెడల్పు మూతి డబ్బాలో వేసుకుంటే చెంచాతో తీసుకోవచ్చు. లేదా నువ్వులనూనె పట్టుకెళ్లండి, గడ్డకట్టదు.

చెల్లి: నీళ్లు?

అక్క: దాహం వెయ్యదు, అదే చిక్కు. చెమట పట్టిన వెంటనే ఆరిపోతుంది కాబట్టి ఒంట్లో నీళ్లు పోతున్నాయని తెలీదు. గంటకో గ్లాసు గోరువెచ్చని నీళ్లు, దాహంతో పని లేకుండా తాగాలి. గుండె, కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్లు ఎంత తాగాలో డాక్టర్ని ముందే అడగండి. స్నేహితుల పొలంలో ఢాణీకి తీసుకెళ్తారు. ఢాణీ అంటే పొలం మధ్య నాలుగిళ్ల గూడెం. అక్కడ టాంకా ఉంటుంది, వాననీటిని దాచే నేలకింది తొట్టి. దాని చుట్టూ వాలుగా చదును చేసిన నేలని ఆగోర్ అంటారు. వాన పడితే నీళ్లు దాని మీంచే తొట్టిలోకి దిగాలి. చెప్పులతో ఆ నేల తొక్కడమంటే వాళ్లు తాగే నీళ్లలో కాలు పెట్టడమే. ఎవరూ పైకి అనరు, మనమే చూసుకోవాలి.

చెల్లి: మరి మన చేత్తో వండి పెడతాం అంటే? అమ్మలు ఊరుకోరు కదా.

అక్క: దోసెల పిండి మాత్రం రుబ్బొద్దు. 8 డిగ్రీల రాత్రి అది పొంగదు, పొద్దున్న ముద్దలా అలాగే ఉంటుంది. పెసరట్టు వెయ్యండి, పులవక్కర్లేదు. కందిపప్పుతోనూ తిప్పలుంటాయి. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే పప్పు ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకులు పలుకులుగానే ఉంటుంది. రెండు గంటలు నానబెట్టి, టాంకా నీళ్లతో ఉడికించండి. అది వాననీరు, మెత్తగా ఉడుకుతుంది. అది లేకపోతే చిటికెడు సోడా.

చెల్లి: పట్టుకెళ్లేవి?

అక్క: నెయ్యి, పప్పులు, స్వీట్లు వద్దు, వాళ్లింట్లో మనకన్నా మంచివుంటాయి. కోరాపుట్ కాలాజీరా బియ్యం రెండు కిలోలు, కంధమాల్ పసుపు అరకిలో, కోరాపుట్ కాఫీ పొడి పట్టుకెళ్లండి. ఆ బియ్యానికీ, పసుపుకీ జీఐ గుర్తింపు ఉంది, అంటే ఆ ప్రాంతానికే చెందిన సరుకని ముద్ర. ఆవకాయ ఇచ్చే ముందు వెల్లుల్లి తింటారో లేదో అడగండి, జైనులైతే ముట్టరు. ఎండుచేపల జోలికి అసలు పోవద్దు. సంక్రాంతి అరిసెలు ఇవ్వొచ్చు, కానీ ఆ గాలికి రెండు రోజుల్లో చెక్కలైపోతాయి. బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టి, వెళ్లిన రోజే తినమని చెప్పండి.

చెల్లి: రాత్రి పడక ఎలా ఉంటాది?

అక్క: నులక మంచం, దాని మీద లావుపాటి రజాయి. వెచ్చగానే ఉంటుంది. ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్తాను. చలిగా ఉందని అతిథి గదిలో బొగ్గుల కుంపటి పెడతారు, ప్రేమగానే. తలుపులు మూసి ఆ కుంపటితో నిద్రపోకూడదు. బొగ్గు సగం సగం కాలితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన లేదు, పొగలా కనబడదు. ముందు తలనొప్పి, వాంతి వచ్చినట్టుండడం, మత్తు. అమ్మ అలసటనుకుంటుంది, కూతురు ప్రయాణం బడలికనుకుంటుంది. నిద్రలోకి పోయాక లేవడం ఉండదు. మాట్లాడుకుంటున్నంతసేపూ కిటికీ తీసి ఉంచండి, పడుకునే ముందు కుంపటి బయటికి. నిప్పు ఆరినట్టు కనిపించినా సరే, బయటికే. స్నానాల గదిలో గ్యాస్ గీజరున్నా ఇదే లెక్క. బకెట్లు నింపుకుని, గీజరు కట్టేసి, అప్పుడు తలుపేసుకోండి.

చెల్లి: కుంపటి బదులు?

అక్క: వేణ్నీళ్ల రబ్బరు సంచి. గుడ్డ చుట్టి కాళ్ల దగ్గర పెట్టుకుంటే తెల్లారేదాకా చాలు. తెల్లారడం అంటే గుర్తొచ్చింది, అక్కడ సూర్యుడు మనకన్నా గంట ఆలస్యం. జనవరిలో ఇక్కడ ఆరున్నరకి పొద్దు పొడిస్తే అక్కడ ఏడున్నర అవుతుంది. అమ్మ అయిదుకి లేస్తే రెండున్నర గంటలు చీకట్లో చలి. లేచినా రజాయిలోనే ఉండమనండి.

చెల్లి: చూడ్డానికి?

అక్క: ఫలోదీకి ఆనుకునే ఖీచన్ ఉంది. మధ్య ఆసియా వైపు నుంచి వచ్చే కొంగలు, అక్కడి మాటలో కుర్జా, వేలల్లో దిగుతాయి. ఊళ్లోవాళ్లు ధాన్యం చల్లి మేపుతారు. పొద్దున్నే వెళ్లాలి, మేత అప్పుడే. 2025లో దానికి రామ్‌సర్ గుర్తింపు, అంటే ముఖ్యమైన చిత్తడినేలలకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. ముదురు రంగు శాలువా కప్పుకుని, మెల్లగా మాట్లాడాలి. ఒంటె మీద ఊరేగడం గురించి నేను పెద్దగా చెప్పను. అది లేచేటప్పుడు వెనక కాళ్లు ముందు లేపుతుంది, కూర్చునేటప్పుడు ముందు కాళ్లు మడుస్తుంది. రెండుసార్లూ మనం ముందుకే పడతాం, కాబట్టి వెనక్కి వాలాలి. మోకాళ్ల నొప్పులుంటే ఒంటె బండి చాలు.

చెల్లి: కేర్ సాంగ్రీ కూర సంగతి చెప్పకుండా వదలకు.

అక్క: అందులో సాంగ్రీ అంటే ఖేజ్‌డీ చెట్టు కాయలు. ఖేజ్‌డీ అంటే మన దసరా జమ్మే! ఇక్కడ ఏడాదికోసారి పూజ చేస్తాం, అక్కడ కాయ ఎండబెట్టి ఏడాదంతా కూర వండుతారు. జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్‌లీలో 1730లో ఆ చెట్లు నరకనివ్వకుండా అడ్డుపడి అమృతాదేవి అనే ఆవిడతో కలిపి బిష్ణోయీ సమాజంవాళ్లు 363 మంది ప్రాణాలిచ్చారు. జోధ్‌పూర్‌లో ఆగిన రోజు సగం పూటలో చూసి రావచ్చు.

చెల్లి: తినేదగ్గర మొహమాటం...

అక్క: దాన్ని మనువార్ అంటారు. వద్దన్నా వడ్డిస్తూనే ఉంటారు, వద్దనడం మర్యాద కింద లెక్కే. నిజంగా చాలంటే కంచం మీద రెండు చేతులూ అడ్డంపెట్టాలి. సజ్జరొట్టె నేతిలో ముంచి ఇస్తారు, అలవాటు లేని కడుపుకి రాత్రి ఒకటి చాలు. పెద్దవాళ్లకి "రామ్ రామ్ సా" అనండి. పిన్ని వరసైతే కాకీసా, వదిన వరసైతే భాభీసా.

చెల్లి: తిరుగు రైలుకి?

అక్క: పూరీలు, కేర్ సాంగ్రీ కట్టిస్తారు. ఆ కూర నూనెలో వేగింది, నీటి తడి తక్కువ, రెండు రోజులకి పాడవదు. పెరుగు కలిపింది మాత్రం మొదటి రోజే తినేయండి. పెట్టె సర్దేటప్పుడు షూస్ దులిపి, విడిగా కవర్లో కట్టండి, ఇసుక జిప్పుల్లో పడితే జిప్పు పోతుంది. ఆ కొబ్బరినూనె డబ్బా కూడా చూసుకోండి. అక్కడ ఉన్నన్నాళ్లూ గడ్డగా ఉంది కదా అని మూత వదులుగా పెడతారు. రాయపూర్ దాటి మన వైపు ఎండలోకి వచ్చేసరికి అది కరిగి, కొత్త రజాయి మొత్తం తడుస్తుంది.