ఇంట్లో వాడుకునే గోధుమల మీద ఢిల్లీ కాదు, వాషింగ్టన్ పెత్తనం
(న్యాయశాస్త్ర విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ముందే ఒక మాట. ఈరోజు నేను కాంగ్రెస్ అన్నప్పుడల్లా అమెరికా చట్టసభ అనుకోండి, మన పార్టీ కాదు.

మనం రాజ్యాంగంలో కేంద్రానికి, రాష్ట్రాలకు అధికారాలు పంచే ఏడో షెడ్యూలుతో పెరిగినవాళ్లం. అంతర్రాష్ట్ర వాణిజ్యం కేంద్ర జాబితాలో 42వ అంశం. రాష్ట్రం లోపలి వాణిజ్యం రాష్ట్ర జాబితాలో 26వ అంశం. పేచీ వస్తే జాబితాలు తిరగేస్తాం. అమెరికాలో ఆ వీలు లేదు. కాంగ్రెస్ అధికారాల చిట్టా ప్రధానంగా ఒక్కటే, రాజ్యాంగం మొదటి అధికరణం 8వ సెక్షన్. మిగిలింది రాష్ట్రాలకో ప్రజలకో చెందుతుందని 1791లో పదో సవరణ చెప్పింది. ఆ చిట్టాలో ఒక చిన్న వాక్యం ఉంది. విదేశాలతో, రాష్ట్రాల మధ్య, ఆదివాసీ తెగలతో జరిగే వాణిజ్యాన్ని కాంగ్రెస్ నియంత్రించవచ్చు అని. కార్మిక చట్టాలు, మాదకద్రవ్యాల చట్టం, పౌరహక్కుల చట్టం అన్నీ చివరికి ఈ వాక్యానికే వేలాడుతున్నాయి.

దీనికి హద్దు ఉందా? ఉంది. కానీ మనం వెతికే చోట లేదు.

ఒకప్పుడు అమెరికా సుప్రీంకోర్టు ఆ హద్దును సరుకు తయారీ దగ్గర గీసింది. ఫ్యాక్టరీలో తయారుచేయడం వేరు, వాణిజ్యం వేరు అని 1918లో బాలకార్మిక చట్టాన్నే కొట్టేసింది. 1937 నుంచి ఆ ధోరణి మారింది. ఎంతగా మారిందో చెప్పడానికి ఒక రైతు చాలు.

ఒహాయోలో డేటన్ దగ్గర రోస్కో ఫిల్‌బర్న్‌కు కొన్ని పాడిపశువులు, కోళ్లు ఉండేవి. గోధుమ కూడా వేసేవాడు. ధర పడిపోకుండా చూడాలని 1938 వ్యవసాయ చట్టం కింద ఎవరు ఎన్ని ఎకరాలు వేయాలో ప్రభుత్వం కోటా పెట్టింది. ఇతని వాటా 11.1 ఎకరాలు. వేసింది 23. అదనంగా పండింది 239 బుషెళ్లు, మన లెక్కలో సుమారు 65 క్వింటాళ్లు. బుషెల్‌కు 49 సెంట్ల చొప్పున 117 డాలర్ల 11 సెంట్ల జరిమానా పడింది. నా పశువులకు, నా ఇంటికి వాడుకునే గింజలకు అంతర్రాష్ట్ర వాణిజ్యంతో ఏం పని అని కోర్టుకెక్కాడు.

1942లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా అతని వాదన తోసిపుచ్చింది. జస్టిస్ జాక్సన్ తర్కం ఇది: ఇంటి గింజలు వాడుకున్నవాడు బజార్లో కొనడు. ఒక్కడు కొనకపోతే ఏమీ కాదు, అలాంటి రైతులందరినీ కలిపి చూస్తే దేశం మొత్తం ధర మీద ప్రభావం పడుతుంది. ఈ "అందరినీ కలిపి చూడటం" అనేదే ఆ తీర్పులో అసలు ఆయుధం. అది చేతికొచ్చాక పరిమాణం చిన్నదన్న వాదన ఇక చెల్లదు.

1964లో అదే ఆయుధం మంచి పనికి వచ్చింది. అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లోని ఆలీస్ బార్బెక్యూ హోటల్లో నల్లజాతివారిని కూర్చోబెట్టి వడ్డించేవారు కాదు. ఆ హోటల్ వాడే మాంసంలో చాలా భాగం వేరే రాష్ట్రాల నుంచి వస్తోంది కాబట్టి పౌరహక్కుల చట్టం వర్తిస్తుందని కోర్టు అంది. మనిషి గౌరవాన్ని మాంసం లెక్కలతో నిలబెట్టడమేమిటని మీకు చిరాకు రావచ్చు. నాకూ వచ్చింది. కానీ అందరికీ సమాన రక్షణ ఇవ్వాలనే 14వ సవరణ ప్రభుత్వాలనే కట్టడి చేస్తుంది తప్ప ప్రైవేటు వ్యక్తులను కాదని 1883లోనే కోర్టు తేల్చేసింది. ఆ దారి మూసుకుపోయి ఉంది.

మరి హద్దు ఎక్కడ? 1992లో శాన్ ఆంటోనియోలో లోపెజ్ అనే 12వ తరగతి విద్యార్థి బడికి తుపాకీ తెచ్చాడు. టెక్సస్ చట్టం కింద పెట్టిన కేసును ఉపసంహరించి, బడి దగ్గర తుపాకులను నిషేధించే ఫెడరల్ (కేంద్ర) చట్టం కింద పెట్టారు. వాణిజ్యానికి సంబంధం ఏమిటని అడిగితే ప్రభుత్వం గొలుసు అల్లింది: బళ్లో తుపాకులుంటే చదువు సాగదు, చదువు సాగకపోతే ఉత్పాదకత తగ్గుతుంది, అది తగ్గితే ఆర్థిక వ్యవస్థ దెబ్బతింటుంది. ఇదే ఒప్పుకుంటే కాంగ్రెస్ చేయలేనిది ఏమైనా మిగులుతుందా అన్నది ప్రధాన న్యాయమూర్తి రెన్‌క్విస్ట్ ప్రశ్న. 1995లో 5-4తో చట్టం చెల్లదన్నారు. దాదాపు 60 ఏళ్లలో వాణిజ్య అధికారం విషయంలో అలాంటి తీర్పు అదే మొదటిది. గోధుమ పండించడం ఆర్థిక కార్యకలాపం, బళ్లో తుపాకీ పట్టుకోవడం కాదు. గీత అక్కడుంది, పనికున్న స్వభావంలో.

నా దృష్టిలో లోపెజ్ తీర్పు సరైనదే, కానీ గీత సన్నం. మరుసటి ఏడాదే కాంగ్రెస్ చట్టంలో ఒక షరతు చేర్చింది, తుపాకీ అంతర్రాష్ట్ర వాణిజ్యంలో కదిలినదై ఉండాలని. మార్కెట్లో ఉన్న తుపాకుల్లో చాలావరకు ఏదో ఒక సరిహద్దు దాటినవే. కింది కోర్టులు సవరించిన చట్టాన్ని నిలబెట్టాయి.

2005లో ఫిల్‌బర్న్ మళ్లీ వచ్చాడు, ఈసారి గంజాయి రూపంలో. కాలిఫోర్నియాలో వైద్యానికని, సొంత వాడకానికి పెంచుకున్న మొక్కల మీదా కాంగ్రెస్ అధికారం చెల్లుతుందని 6-3తో తేల్చారు. లోపెజ్ కేసులో కాంగ్రెస్‌కు అడ్డుపడిన జస్టిస్ స్కాలియా ఇక్కడ కాంగ్రెస్ వైపు చేరారు. జస్టిస్ థామస్ మాత్రం అసమ్మతి రాశారు, ఇదీ వాణిజ్యమైతే ఏదైనా వాణిజ్యమేనని.

ఇక 2012, ఒబామాకేర్, అంటే అధ్యక్షుడు ఒబామా తెచ్చిన ఆరోగ్య బీమా చట్టం. ఆరోగ్య బీమా కొనకపోతే జరిమానా. కొనమని బలవంతం చేయగలిగితే రేపు బ్రొకోలీ కూడా కొనమంటారా అని వాదనల సమయంలో స్కాలియా అడిగారు. ఉన్న వాణిజ్యాన్ని నియంత్రించవచ్చు గానీ, ఏమీ చేయని మనిషిని వాణిజ్యంలోకి ఈడ్చలేరని ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ రాశారు. అయినా చట్టం బతికింది, ఆ జరిమానాను పన్నుగా చూడవచ్చు కాబట్టి.

2017లో కాంగ్రెస్ ఆ పన్నును సున్నా చేసింది, 2019 నుంచి అమలు. పన్నే లేనప్పుడు ఆ నిబంధన దేని మీద నిలబడినట్టు? 2021లో ఈ ప్రశ్న సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. కేసు వేసినవాళ్లకు వేసే అర్హతే లేదని కోర్టు జవాబు చెప్పకుండానే పక్కన పెట్టింది. మీ ప్రశ్నలు అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.