నేరుగా వెళ్లే సైకిలు ఎడమ అంచున ఎందుకు ఆగకూడదు?

వ్యాఖ్యాత: నమస్కారం. కూడళ్ల దగ్గర సైకిళ్లకూ కార్లకూ రోజూ జరిగే తగాదాల గురించి ఇవాళ మాట్లాడుకుందాం. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా రిటైరైన అతిథి మనతో ఉన్నారు. మొదటి ఫోను విజయవాడ నుంచి. చెప్పండి.

శ్రోత: నమస్కారమండీ. ఉండేది పటమట. లబ్బీపేటలో ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్‌ని. రోజూ సైకిలు మీద బెంజి సర్కిల్ దాటాలి. సిగ్నల్ దగ్గర ఎడమ అంచున ఆగితే, ఎడమకు కృష్ణ వారధి వైపు తిరిగే కార్లవాళ్లు వెనకనుంచి హారన్ మోత మోగిస్తారు. మొన్న ఒకాయన అద్దం దించి ‘రోడ్డు మీ తాతదా’ అన్నాడు.

అతిథి: ఆయన తాతదీ కాదు లెండి. సైకిళ్లు, పాదచారుల విషయంలో డ్రైవర్లు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలని 2017 డ్రైవింగ్ నిబంధనల్లోనే ఉంది. కానీ పెద్దాయనా, మీరు ఆగే చోటు నాకు నచ్చలేదు. నేరుగా వెళ్లే మనిషి ఎడమకు తిరిగేవాళ్ల దారిలో నిలబడితే వాళ్లకు అడ్డం, మీకు గండం. పచ్చదీపం పడగానే మీరు ముందుకు కదులుతారు, పక్కనున్న బస్సు ఎడమకు తిరుగుతుంది. ముందు చక్రం దగ్గరున్న సైకిలు ఆ డ్రైవరుకు అద్దంలో కనిపించకపోవచ్చు.

శ్రోత: మధ్యకు రమ్మంటారా? భయమండీ.

అతిథి: కూడలి దగ్గర పడకముందే వెనక్కి చూసి, కుడి చెయ్యి చాపి, నేరుగా వెళ్లే వరుసలోకి మారండి. వరుస నడిమధ్య, ముందు బండి వెనక ఆగండి. సందుల్లోంచి దూరవద్దు. అంచున ఉంటే రాసుకుంటూ పోతారు, ఎదురుగా ఉంటే ఆగక చస్తారా? రద్దీ మరీ ఎక్కువైతే దిగి జీబ్రా గీతల మీదుగా నడిపించుకుపోండి.

వ్యాఖ్యాత: కుడికి తిరగాలంటే?

అతిథి: రెండు విడతల్లో. నేరుగా అవతలి ఎడమ మూలకు చేరి, సైకిలు తిప్పుకుని, ఆ రోడ్డుకు సిగ్నల్ వచ్చాక మళ్లీ నేరుగా.

వ్యాఖ్యాత: హైదరాబాదు నుంచి ఒక మేడమ్.

శ్రోత: నేను కారు నడుపుతానండీ. మా వీధిలోంచి మెయిన్ రోడ్డులోకి ఎడమకు తిరుగుతుంటే రాంగ్ సైడులో ఒక అబ్బాయి సైకిలు మీద వచ్చాడు. లైటు కూడా లేదు. బంపరు తగిలింది. తప్పు అతనిదే కదా?

అతిథి: అతనికి దెబ్బ తగిలిందా అమ్మా?

శ్రోత: లేదండీ, చక్రం వంగింది. బాగు చేయించుకోమని డబ్బులిచ్చాను.

అతిథి: మంచి పని చేశారు. గాయమై ఉంటే ఆసుపత్రికి చేర్చడం, పోలీసులకు చెప్పడం మీ బాధ్యత. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ అది. ఎదురు రావడం, లైటు లేకపోవడం ముమ్మాటికీ అతని తప్పే. అయితే ఎడమకు తిరిగేటప్పుడు మనమంతా ఒక్క కుడివైపే చూస్తాం, బండ్లు అటునుంచే వస్తాయి కాబట్టి. కాళ్లు అప్పటికే క్లచ్ వదులుతుంటాయి. కుడి, ఎడమ, మళ్లీ కుడి చూసి కదలండి. మీ ఊళ్లో కూడళ్లు మూసేసి యూటర్న్‌లు పెట్టారుగా, అది కారుకు ఒక నిమిషం, సైకిలుకు బారెడు తొక్కుడు. వాళ్లు ఎదురొచ్చేది అందుకే. రోడ్డు గీసినవాళ్లకు సైకిలు గుర్తుకు రాలేదు, నా కోపమంతా వాళ్ల మీదే.

వ్యాఖ్యాత: చివరి ఫోను.

శ్రోత: సార్, హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన 23 కిలోమీటర్ల ట్రాక్ మీద ఆదివారాలు తొక్కుతాను. అక్కడ హాయి. దాన్ని చేరుకోవడమే కష్టం. రౌండెబౌట్‌లో ఎవరు ముందు?

అతిథి: అప్పటికే లోపల తిరుగుతున్నవాళ్లు, అది సైకిలైనా సరే. ఇది తెలియని కారువాళ్లే ఎక్కువ, అందుకని లోపలున్నంతసేపూ వరుస మధ్యలో ఉండండి. బయటికి వచ్చే దారి రాగానే ఎడమ చెయ్యి చూపించి తిరగండి.

శ్రోత: చెయ్యి తీస్తే హ్యాండిల్ ఊగుతుంది సార్.

అతిథి: ఆ ట్రాక్ మీదే ఒంటిచేత్తో తొక్కడం అలవాటు చేసుకోండి, ఆదివారం ఎలాగూ వెళ్తున్నారుగా.