అభిశంసన అంటే ఓటరును కాదనడమేనా?

శ్రోతలకు నమస్కారం.

ఒక దేశం ఓట్లేసి అధ్యక్షుణ్ని ఎన్నుకుంటుంది. సగం మంది ఆయనను నెత్తిన పెట్టుకుంటారు, మిగతా సగానికి ఆయన పేరు వింటేనే మంట. అలాంటి మనిషిని పదవీకాలం పూర్తికాకముందే చట్టసభ అభిశంసించి దించేస్తే, ఆయనకు ఓటేసిన కోట్ల మంది మాట ఏమైనట్టు? ఈ ప్రశ్న అడిగేవాళ్ల బాధలో న్యాయం ఉంది. దాన్ని పార్టీ అభిమానమని కొట్టిపారేయకూడదు.

ముందుగా ఒక విషయం ఒప్పుకోవాలి. జనాన్ని రెండుగా చీల్చడం నేరం కాదు. అమెరికా రాజ్యాంగం అధ్యక్షుణ్ని దించడానికి చెప్పిన కారణాలు దేశద్రోహం, లంచం, ఇతర ఘోరమైన నేరాలు, దుష్ప్రవర్తన. మాటతీరు నచ్చకపోవడం, విధానాలు గిట్టకపోవడం అందులో లేవు. పైగా దిగువ సభ అయిన ప్రతినిధుల సభ మామూలు మెజారిటీతో అభిశంసించినా, పదవి ఊడాలంటే ఎగువ సభ అయిన సెనేట్‌లో మూడింట రెండు వంతుల ఓట్లు పడాలి. 1868లో అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ ఒక్క ఓటు తేడాతో గట్టెక్కారు. ఇప్పటిదాకా సెనేట్ ఏ అధ్యక్షుణ్నీ దించలేదు.

అయినా సభ తొందరపడటం ఉంది. 1998 నవంబరులో అధ్యక్షుడు బిల్ క్లింటన్ మీద అభిశంసన కత్తి వేలాడుతుండగానే, అధ్యక్షుడి పదవీకాలం మధ్యలో చట్టసభలకు జరిగే ఎన్నికలు వచ్చాయి. ఆయన పార్టీ ప్రతినిధుల సభలో 5 సీట్లు పెంచుకుంది. జనం ఏమంటున్నారో అప్పటికే స్పష్టంగా వినబడింది. ఐనా కొత్త సభ కొలువుదీరకముందే, పాత సభ డిసెంబరు 19న అభిశంసించేసింది. సెనేట్‌లో 67 ఓట్లు కావాల్సిన చోట ఒక అభియోగానికి 45, మరోదానికి 50 వచ్చాయి. అక్కడ ఓటరు మాటను పక్కన పెట్టారనే నేను అనుకుంటాను.

కానీ ఓటరు ఏం తెలిసి ఓటేశాడన్నది కూడా చూడాలి కదా. 1972 నవంబరులో రిచర్డ్ నిక్సన్ 50 రాష్ట్రాల్లో 49 గెలిచారు. అంతకన్నా పెద్ద ప్రజాతీర్పు ఏముంటుంది? అప్పటికే, జూన్‌లో, వాటర్‌గేట్ భవనంలోని డెమొక్రాటిక్ పార్టీ ఆఫీసులో దొంగలు పడ్డారు. దాన్ని కప్పిపుచ్చే పనిలో స్వయంగా అధ్యక్షుడే ఉన్నారన్న సంగతి ఓటేసిన రోజున ఓటరుకు తెలియదు. 1974 జులైలో ప్రతినిధుల సభ న్యాయ కమిటీ మూడు అభియోగాలను ఆమోదించింది. ఆ తర్వాత ఆయన ఆఫీసులో రికార్డయిన టేపుల్లో ఆయన మాటలు బయటపడ్డాక సొంత పార్టీవాళ్లే చేతులెత్తేశారు. ఆగస్టు 9న ఆయన పదవి వదిలేశారు. నిజం దాచి తెచ్చుకున్న ఓట్లను అడ్డం పెట్టుకుని, ఓటరును గౌరవించండి అంటే ఎలా?

ఈ విషయంలో దక్షిణ కొరియా అనుభవం నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. 2004 మార్చిలో అక్కడి పార్లమెంటు దేశాధ్యక్షుడైన రో మూ హ్యున్‌ను అభిశంసించింది. తనకు దగ్గరైన ఉరీ పార్టీకి ఎన్నికల్లో మద్దతుగా మాట్లాడటం అందులో ముఖ్యమైన ఆరోపణ. నెల దాటిన కొద్ది రోజులకే జనం అదే ఉరీ పార్టీకి 299లో 152 సీట్లిచ్చారు. మే నెలలో, అభిశంసనపై తుది మాట చెప్పే రాజ్యాంగ న్యాయస్థానం ఆయనను తిరిగి పదవిలో నిలబెట్టింది. చట్టం ఉల్లంఘించారు నిజమే, కానీ ప్రజలిచ్చిన అధికారాన్ని లాగేసుకునేంత తీవ్రమైన తప్పు కాదు అని తేల్చింది. నాకు ఈ కొలత సరైనదనిపిస్తుంది. ఓటును బరువైన వస్తువుగా చూసి, అంతకన్నా బరువైన తప్పు ఉంటేనే కదిలించాలి.

అదే దేశంలో 2024 డిసెంబరు 3 రాత్రి అధ్యక్షుడు యూన్ సక్ యోల్ సైనిక పాలన ప్రకటించి పార్లమెంటు మీదికి సైనికులను పంపారు. ఆయన్ను ఎన్నుకున్నదీ ఓటర్లే, ఆ సభను ఎన్నుకున్నదీ ఓటర్లే. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే ప్రజలు ఆ సభలో ప్రతిపక్షానికి మెజారిటీ ఇచ్చారు. ఒక ఓటును చూపించి ఇంకో ఓటు గొంతు నొక్కబోయినప్పుడు ఇక ఆగాల్సిన పనేముంది? డిసెంబరు 14న 300 మందిలో 204 మంది అభిశంసనకు ఓటేశారు. 2025 ఏప్రిల్ 4న రాజ్యాంగ న్యాయస్థానం న్యాయమూర్తులు 8 మందీ ఒక్కమాటగా ఆయనను తొలగించారు.

2021 జనవరిలో అమెరికాలోనూ ఇలాంటి ఘట్టమే వచ్చింది. అధ్యక్షుడు ట్రంప్ ఓడిన ఎన్నికల ఫలితాన్ని ధ్రువీకరిస్తున్న సభ మీద ఆయన మద్దతుదారుల మూక పడింది. తిరుగుబాటుకు రెచ్చగొట్టారన్న అభియోగంపై డొనాల్డ్ ట్రంప్‌ను ప్రతినిధుల సభ అభిశంసించింది. సెనేట్‌లో 57 మంది దోషి అన్నారు, 43 మంది కాదన్నారు. ఎన్నిక ఫలితాన్నే అడ్డుకున్నారన్న ఆరోపణ ముందుంటే, వచ్చే ఎన్నికల్లో ప్రజలే తేల్చుకుంటారన్న జవాబు నాకు మింగుడుపడదు.

ఇక దించేసిన తర్వాత కుర్చీ ఎవరిది? దీని గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. బ్రెజిల్‌లో 2014లో అధ్యక్షురాలిగా గెలిచిన దిల్మా రూసెఫ్‌ను 2016 ఆగస్టులో సెనేట్ 61-20 ఓట్లతో తొలగించింది. ఆమె స్థానంలోకి వేరే పార్టీకి చెందిన ఉపాధ్యక్షుడు మిషెల్ టెమెర్ వచ్చి రెండేళ్లకు పైగా పాలించారు, విధానాలనూ మార్చేశారు. ఆమెకు ఓటేసినవాళ్లు మోసపోయామని కుమిలిపోవడంలో తప్పేముంది? కొరియాలో అలా కాదు. అధ్యక్షుణ్ని తొలగిస్తే 60 రోజుల్లో మళ్లీ ఎన్నిక జరగాలి. 2025 జూన్ 3న జరిగింది. దాదాపు 80 శాతం మంది వచ్చి ఓటేశారు. అధ్యక్షుణ్ని నేరుగా ప్రజలే ఎన్నుకునే ప్రతి దేశంలోనూ ఈ నియమం ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను.

నమస్కారం.