కంటి నరానికి జాయింట్ ఎందుకు కొట్టరు?

అందరికీ నమస్తే. మొన్న దేవరకొండ బస్టాండుల ఒక పెద్దాయన కలిసిండు. నీటికాసులతోని, అంటే గ్లాకోమాతోని, ఎడమ కన్ను పూర్తిగ పోయింది. "నరం ఎండిపోయింది, ఇగ చూపు రాదు" అన్నరట డాక్టర్లు. ఆయన నన్ను ఒకటే అడిగిండు: "సారూ, బోరు మోటరు కేబుల్ తెగితే జాయింట్ కొడ్తం, మళ్ల నీళ్లు పోస్తది. కంటి నరానికి ఎందుకు కొట్టరు?" నేను చెప్పే లోపట్నే బస్సొచ్చింది, ఎక్కి పోయిండు. ఈ వీడియో ఆయన కోసం.

మోటరు కేబుల్‌ల మూడు తీగలు. ఎరుపు, పసుపు, నీలం. రంగుకు రంగు కలపాలె. రెండు తీగలు అటుదిటైతే మోటరు ఉల్టా తిరుగుతది, నీళ్లు సక్కగ ఎక్కయి. ఇది మన దిక్కు బోరున్న ప్రతి రైతుకు ఎరుకే. మరి కంటి నరంల ఎన్ని తీగలు? సుమారు 10 లక్షలు. కంటి వెనక రెటీనా అనే పొర ఉంటది. ఒక్కో తీగ ఆ పొరల ఒక్కో జాగ నుంచి బయల్దేరి, మెదడుల తన జాగల్నే దిగాలె. రెటీనాల పక్కపక్కనున్నయి మెదడుల గూడ పక్కపక్కనే పడాలె. తల్లి కడుపుల ఉన్నప్పుడే, చిమ్మచీకట్ల, ఈ పని దాదాపు అయిపోతది. కలిపింది ఎవరు?

1940లల్ల అమెరికాల రోజర్ స్పెర్రీ అనే శాస్త్రవేత్త కప్పల మీద ఒక ప్రయోగం చేసిండు. కప్పకు, చేపకు మనకు లేని వరం ఒకటున్నది: కంటి నరం తెగినా మళ్ల పెరుగుతది. స్పెర్రీ నరం కోసి, కంటిగుడ్డును తలకిందులు తిప్పి పెట్టిండు. నరం పెరిగింది, చూపొచ్చింది. కానీ ఈగ పైనుంటే కప్ప కిందికి దుంకింది. ముందుంటే వెనకకు తిరిగింది. ఎన్ని రోజులైనా నేర్చుకోలే. అంటే తీగలు వాడుకను బట్టి సర్దుకోలేదు, కన్ను తిరిగినా సరే, ఒక్కోటి తన పాత జాగనే ఎతుక్కుంట పోయింది. తీగకు, అది దిగే జాగకు రసాయన గుర్తులుంటయని 1963ల స్పెర్రీ రాసిండు.

కానీ 10 లక్షల తీగలకు 10 లక్షల రంగులు పెట్టుడు అయ్యే పని కాదు. మనిషికి ఉన్న జీన్లే 20 వేల దాక. మరెట్ల? నాకైతే ఈ మొత్తం కథల ఇదే అన్నిటికన్న అందమైన ముచ్చట.

వెనక అర్రల పొయ్యి మీద ఎండుమిర్చి మాడుతున్నదనుకోండి. వాకిట్ల ఘాటు తక్కువ. లోపలికి పోయినకొద్ది ఎక్కువ. ముక్కు సున్నితంగ ఉన్నోడు గడప కాడనే దగ్గి ఆగిపోతడు. జలుబు చేసి ముక్కు బిగుసుకపోయినోడు పొయ్యి దాక పోతడు. ఎవరికీ అర్ర నంబరు చెప్పే పని లేదు.

మెదడుల గూడ గంతే. పెరిగే తీగ కొసకు చెయ్యి లాంటిది ఉంటది, గ్రోత్ కోన్ అంటరు. వేళ్లు చాపి తడుముకుంట పోతది. దాని మీద ఎఫ్ రిసెప్టర్లు అనే ముక్కులుంటయి. చెవి దిక్కు రెటీనా నుంచి వచ్చే తీగలకు అవి ఎక్కువ, ముక్కు దిక్కువాటికి తక్కువ. ఎఫ్రిన్లు అనే ప్రొటీన్లే ఘాటు. మెదడుల ఈ తీగలు దిగే జాగ ఉంటది గద, దాని ముందు భాగంల ఘాటు తక్కువ, వెనకకు పోయినకొద్ది ఎక్కువ. చెవి దిక్కు తీగలు ముందే ఆగుతయి, ముక్కు దిక్కువి వెనక దాక పోతయి.

ఇది ఊహ కాదు. 1987ల జర్మనీల ఫ్రీడ్రిష్ బోన్‌హోఫర్ బృందం కోడిపిల్ల పిండం మెదడు నుంచి ముందు భాగం పొరలను, వెనక భాగం పొరలను మన పత్తి సాళ్ల లెక్క ఒకదాని పక్కన ఒకటి పరిచింది. చెవి దిక్కు తీగలు ముందు భాగం సాళ్లల్లనే పెరిగినయి. ముందుది ఇష్టమై పోతున్నయా, వెనకది పడక తప్పించుకుంటున్నయా? వెనక భాగం పొరలను వేడిచేస్తే తీగలు దాని మీద నుంచి గూడ పోయినయి. అంటే వెనక భాగంల తీగలను దూరం తరిమేదేదో ఉన్నది, వేడికి అది చెడిపోయిందన్నమాట. ఆ ఎఫ్రిన్లను 1995ల పట్టుకున్నరు.

మీకో డౌట్ రావాలె. జలుబు ముక్కోడు వాకిట్లనే కూసోవచ్చు గద? కూసోడు, ఎందుకంటే వాకిలి అప్పటికే సున్నిత ముక్కోళ్లతోని నిండిపోయి ఉంటది. తీగల నడుమ జాగ కోసం పోటీ ఉంటది.

పైకి కిందికి గూడ ఇసొంటి గుర్తులే వేరేవి ఉన్నయి. ఇంక బిడ్డ పుట్టకముందే, వెలుగు పడకముందే, రెటీనాల కరెంటు అలలు దానంతటదే లేస్తయి. పక్కపక్క కణాలు ఒక్కసారే మోగుతయి గనుక, వాటి తీగలు మెదడుల ఇంకింత దగ్గరగ సర్దుకుంటయి.

ఇగ కాకా, నీ ప్రశ్నకు వస్త. జాయింట్ కొట్టాలంటే 10 లక్షల తీగలు మళ్ల ఆ దారంత తడుముకుంట నడవాలె. పెద్దయిన మనిషి తీగకు ఆ పెరిగే సత్తువ పోతది. చుట్టున్న కొవ్వుపొర, గాయం మచ్చ ఇంకా అడ్డం పడ్తయి. పైగా నీటికాసులల్ల తీగ ఒక్కటే కాదు, దాన్ని పంపిన కణమే సచ్చిపోతది. 2023ల న్యూయార్క్‌ల ఒక మనిషికి కన్నుకు కన్నే మార్చిండ్రు. రక్తం ఆడింది గని చూపు రాలే. నేత్రదానంల మనకు పెట్టేది ముందటి అద్దం, కార్నియా మాత్రమే. దానికి ఈ తీగలు కలిపే పని లేదు గనుకనే అది అయితది.

నీ కుడికన్ను తీగలు నువ్వు పుట్టకముందు దిగిన జాగలల్లనే ఉన్నయి. నొప్పి లేదని చుక్కల మందు ఆపేసిన అన్నవ్. నీటికాసులు నొప్పి లేకుంటనే తింటయి కాకా. రేపే పోయి కంటి ప్రెషర్ చూపించుకొని మందు మళ్ల మొదలుపెట్టు. ఇది ఇంట్ల వాళ్లకు గూడ వచ్చేది, నీ తమ్మున్ని, కొడుకుల్ని ఎంబడి తీస్కపో.