బాలు గారి గొంతులో నటుడు ఎక్కడి నుంచి వచ్చాడు?

[దృశ్యం: నెల్లూరు, తిప్పరాజువారి వీధి. పొద్దున్నే. ముగ్గులేసిన వాకిళ్ల మీదుగా కెమెరా మెల్లగా నడుస్తుంది. ఎక్కడి నుంచో చిడతల చప్పుడు.]

నమస్కారం. ఇది మా నెల్లూరు తిప్పరాజువారి వీధి. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి కుటుంబం ఉన్న ఇల్లు ఇక్కడే. 2020 ఫిబ్రవరిలో ఆయన స్వయంగా వచ్చి, వేద పాఠశాల కోసం ఆ ఇంటిని కంచి కామకోటి పీఠానికి అప్పగించారు. అదే ఏడాది సెప్టెంబరు 25న చెన్నైలో కన్నుమూశారు.

బాలు గారి మీద వీడియో అంటే ఎవరైనా లెక్కలతోనే మొదలుపెడతారు. నాలుగు భాషల్లో ఆరు జాతీయ అవార్డులు. 2001లో పద్మశ్రీ, 2011లో పద్మభూషణ్, పోయాక 2021లో పద్మవిభూషణ్. ఇవన్నీ మీకు తెలిసినవే, ఇక్కడితో వదిలేస్తాను. నేను చెప్పాలనుకున్నది ఒక్క మాట గురించి. "ఆయన గాయకుడు, తర్వాత నటుడు కూడా అయ్యారు" అంటుంటాం కదా. ఆ "తర్వాత" దగ్గరే నాకు పేచీ. ఆయనలో నటుడు ముందు నుంచీ ఉన్నాడు. చాలా ఏళ్లు మనకు కనపడలేదు, వినపడ్డాడు. అంతే తేడా.

[దృశ్యం: పందిరి కింద హరికథ చెబుతున్న కళాకారుడు. కాళ్ల గజ్జెల మీద క్లోజప్.]

బాలు గారి నాన్నగారు ఎస్పీ సాంబమూర్తి గారు హరికథలు చెప్పేవారు. నెల్లూరులో త్యాగరాజ ఉత్సవాలు జరిపించిన మనిషి. ఈ వీడియో చూస్తున్న పిల్లల్లో హరికథ చూడనివాళ్లు చాలామందే ఉంటారు, అందుకని కాస్త ఆగి చెబుతాను.

కాళ్లకు గజ్జెలు, చేతిలో చిడతలు, మెడలో పూలదండ. పక్కన మృదంగం, వయొలినో హార్మోనియమో. ఇంతే సరంజామా. తెర లేదు, మేకప్ లేదు, వేషం మార్చుకుని వచ్చే వ్యవధి లేదు. అదే మనిషి రాముడు, అదే మనిషి కైక, అదే మనిషి గూబలోకి గుసగుసలు ఊదే మంథర. కీర్తన పాడుతూ పాడుతూ మాటల్లోకి దిగుతాడు. జనం జోగుతున్నారనిపిస్తే ఒక పిట్టకథ చెప్పి నవ్విస్తాడు. ఆ నవ్వులు ఆగేలోపు, రాగం ఎక్కడ వదిలాడో సరిగ్గా అక్కడే ఎత్తుకుంటాడు. హరికథ చెప్పేవారిని దాసు గారు అంటారు. "దాసు గారు ఏడిస్తే పందిరంతా ఏడ్చేది" అని మా అమ్మమ్మ చెప్పేది. అలాంటి దాసు గారిని చూసి, ఈయన గాయకుడా నటుడా అని అడిగితే ఏం చెబుతాం? ఆ విద్యలో ఆ రెండూ విడివిడిగా ఉండవు.

బాలు గారు పుట్టింది 1946 జూన్ 4న, పెరిగింది ఇలాంటి ఇంట్లో. ఐదో ఏట "భక్త రామదాసు" నాటకంలో తండ్రితో కలిసి స్టేజీ ఎక్కారు. శ్రీకాళహస్తిలో చదువుకునే రోజుల్లో బడి నాటకాల్లో మంచి పాత్రలు వేశారు. ఇవన్నీ మైక్ ముందు సినిమా పాట పాడక చాలా ముందు సంగతులు.

[దృశ్యం: గూడూరు రైల్వే స్టేషన్ బోర్డు.]

తర్వాత గూడూరు. అప్పుడది నెల్లూరు జిల్లాలోనే ఉంది. అక్కడ జరిగిన పాటల పోటీలో బాలు గారికి రెండో బహుమతి వచ్చింది. ముఖ్య అతిథిగా వచ్చిన గాయని ఎస్. జానకి గారు, ఈ అబ్బాయికే మొదటి బహుమతి రావాలని అక్కడే అన్నారు, సినిమాల్లో ప్రయత్నించమని ప్రోత్సహించారు. ఇంజనీరింగ్ చదువు కోసం మద్రాసులో ఉన్న కుర్రాడిని సంగీత దర్శకుడు ఎస్పీ కోదండపాణి గారు చేరదీశారు. 1966 డిసెంబరు 15న మొదటి పాట రికార్డయింది. ఆ గురువు పేరే తర్వాత తన రికార్డింగ్ థియేటర్‌కు పెట్టుకున్నారు.

ఇక అసలు విషయానికి వస్తాను.

[దృశ్యం: పాత రికార్డింగ్ థియేటర్ ఫొటోలు. వాద్యబృందం, మధ్యలో మైక్.]

సినిమా పాట ఎలా తయారవుతుందో ఒక్కసారి ఆలోచించండి. మామూలుగా ముందు పాట రికార్డు చేస్తారు, షూటింగ్ ఆ తర్వాత. అంటే పాడేవాడి ముందు బొమ్మ లేదు, సెట్టు లేదు, హీరో ముఖం లేదు. దర్శకుడు సన్నివేశం చెబుతాడు, కవి రాసిన కాగితం చేతిలో ఉంటుంది. ఏ మాట దగ్గర నవ్వాలి, ఎక్కడ గొంతు బొంగురుపోవాలి, ఏ అక్షరం దగ్గర ఊపిరి సగంలో ఆగాలి, ఇవన్నీ అక్కడే తేలిపోవాలి. షూటింగ్ రోజున హీరో ఆ టేపు వింటూ పెదవులు కదుపుతాడు. అంటే ఆ పాత్రను మొదట నటించింది ఎవరు? పాడినవాడే కదా!

పైగా ఆ రోజుల్లో వాద్యాలన్నీ, పాడేవాళ్లూ ఒకేసారి రికార్డు కావాలి. చివరి చరణంలో ఎవరు తడబడినా మళ్లీ మొదటికే. ఆ టెన్షన్‌లో కూడా బాలు గారు పాట మధ్యలో చిన్న నవ్వు నవ్వేవారు. ఆ నవ్వు కూడా తాళంలోనే పడేది. చిడతలు పట్టుకుని ఏడుస్తూ నవ్వుతూ తాళం తప్పని తండ్రిని చూసిన కొడుక్కే అది వస్తుందని నాకు అనిపిస్తుంది.

ఒక్క ఉదాహరణ చెబుతాను. 1976లో వచ్చిన "మనుషులంతా ఒక్కటే" సినిమాలో "ముత్యాలూ వస్తావా" పాట తెర మీద అల్లు రామలింగయ్య గారిది. కళ్లు మూసుకుని వినండి. అల్లు గారే పాడుతున్నారేమో అనిపిస్తుంది. దీన్ని మిమిక్రీ అని కొట్టిపారేయడం నాకు నచ్చదు. గొంతును పోలి పాడటం నేర్చుకుంటే వస్తుంది. ఆ మనిషి నడక, మెడ తిప్పే తీరు, మాటను నమిలి వదిలే తీరు పాటలోకి రావాలంటే పాడేవాడు ఆ మనిషి అయిపోవాలి. రామారావు గారికి ఒకలా, నాగేశ్వరరావు గారికి ఒకలా, కృష్ణ గారికి ఇంకోలా ఆయన గొంతు మారింది ఇందుకే.

[దృశ్యం: "శంకరాభరణం" పోస్టర్.]

అన్నిటికంటే నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచేది "శంకరాభరణం". తెర మీద జె.వి. సోమయాజులు గారు, సంగీతమే ప్రాణంగా బతికే ముసలి విద్వాంసుడు శంకరశాస్త్రి. ఆ విద్వాంసుడికి గొంతు ఇచ్చినప్పుడు బాలు గారి వయసు 33 ఏళ్లో ఎంతో. గురువు దగ్గర ఏళ్ల తరబడి కూర్చుని శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నవారు కాదు. కె.వి. మహదేవన్ గారి బాణీలను సాధన చేసి, శంకరశాస్త్రి వయసు, పట్టుదల, అహం అన్నీ గొంతులోకి తెచ్చుకున్నారు. మొదటి జాతీయ అవార్డు దానికే వచ్చింది. అది గాయకుడిగా ఇచ్చిన అవార్డు. నా లెక్కలో నటనకు కూడా.

డబ్బింగ్ సంగతి కూడా చూడండి. కమల్ హాసన్ గారి తమిళ సినిమాలు తెలుగులోకి వచ్చినప్పుడు ఎన్నిటికో గొంతు బాలు గారిదే. డబ్బింగ్‌లో పెద్ద చిక్కు పెదవులతోనే. ప, బ, మ పలకాలంటే పెదవులు కలవాలి. తెర మీద నటుడు తమిళంలో పెదవులు కలిపిన చోట తెలుగులోనూ అలాంటి అక్షరమే పడితే అతికినట్టు ఉంటుంది. మాట ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియాలో రెప్పపాటు లెక్క. కాలప్రమాణం, అంటే పాట నడిచే వేగం, రక్తంలో ఉన్నవాడికి ఇది ఎంత కలిసొస్తుందో ఊహించుకోవచ్చు. "దశావతారం" తెలుగులో పది పాత్రల్లో ఏడింటికి ఆయనే మాట్లాడారు. 1997లో "అన్నమయ్య"లో వేంకటేశ్వరస్వామిగా సుమన్ గారికి గొంతు ఇచ్చారు, నంది అవార్డు వచ్చింది. తిరుమల కొండకు ఇంత దగ్గరలో ఉన్న మాకు, ఆ సినిమా చూశాక స్వామి మాట్లాడితే ఇలాగే ఉంటుందేమో అనిపించింది.

సంగీత దర్శకుడిగా 1977లో "కన్యాకుమారి"తో మొదలుపెట్టి చాలా సినిమాలు చేశారు. "మయూరి", "పడమటి సంధ్యారాగం" నాకు ఇష్టం. దాని మీద విడిగా వీడియో చేస్తాను.

[దృశ్యం: "ప్రేమికుడు", "పవిత్రబంధం" పోస్టర్లు.]

ముఖం ఎక్కువగా కనపడటం మొదలైంది తర్వాతే. 1990లో తమిళంలో "కేలడి కణ్మణి"లో రాధిక గారి పక్కన కథానాయకుడు. 1994లో "ప్రేమికుడు"లో కానిస్టేబుల్ తండ్రి. కొడుకు ప్రభుదేవా పక్కన ఆ ఒళ్లుతో ఆయన స్టెప్పులేస్తుంటే థియేటర్లో ఈలలే ఈలలు. 1996లో "పవిత్రబంధం"లో వెంకటేశ్ గారి తండ్రి.

ఇక 2012. తనికెళ్ల భరణి గారు తీసిన "మిథునం". శ్రీరమణ గారి కథ. తెర మీద ఇద్దరే, అప్పదాసు, బుచ్చిలక్ష్మి. బాలు గారు, లక్ష్మి గారు. సినిమా మొత్తాన్ని ఇద్దరే మోయాలి. అందులో ఒక పాట జేసుదాసు గారు పాడారు. తాను హీరోగా ఉన్న సినిమాలో ఇంకొకరి గొంతుకు చోటిచ్చి, తాను పాత్రలో ఉండిపోయారు. కానీ కాఫీ దండకం మాత్రం ఆయనే అందుకున్నారు. అది పాటా? పద్యమా? మాటా? మూడూ కలిసిపోయి ఉంటాయి. ఒక ముసలాయన కాఫీని స్తోత్రం చేస్తుంటే, దాని వెనక నాకు గజ్జెల చప్పుడు వినిపిస్తుంది. పాత్ర పేరులో కూడా "దాసు" ఉండటం కథలోనే ఉన్న సంగతి, ఎవరూ కావాలని పెట్టింది కాదు. అయినా ఆ పేరు విన్నప్పుడల్లా సాంబమూర్తి గారే గుర్తొస్తారు.

[దృశ్యం: నెల్లూరు ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాల గేటు.]

2020లో రాష్ట్ర ప్రభుత్వం మా ఊరి సంగీత నృత్య పాఠశాలకు బాలు గారి పేరు పెట్టింది. సంతోషం. నాకు ఒక కోరిక ఉంది. ఏటా జూన్ 4న సాయంత్రం ఆ బడి పిల్లల్లో ఎవరో ఒకరు గజ్జె కట్టుకుని తిప్పరాజువారి వీధిలో హరికథ చెప్పాలి. పందిరి వేయించే పని, మైక్ సెట్ పని మాలాంటి వాళ్లం చూసుకుంటాం. మీది నెల్లూరు అయితే, మీ ఇంట్లో ఎవరికైనా హరికథ వస్తే, కింద రాయండి.

[దృశ్యం: ఖాళీ వీధి. చిడతల చప్పుడు దగ్గరవుతుంది.]