సున్నం కొట్టిన ట్యాంకు

శ్రోతలకు నమస్కారం.

విశాఖపట్నంలో పుట్టి పెరిగిన నాకు మంచు అంటే లంబసింగే. ఒక డిసెంబరు తెల్లవారుజామున అక్కడికి వెళ్తే గడ్డి కొసల మీద తెల్లగా, పొడిపొడిగా కనిపించింది. ఎండెక్కేసరికి అదీ లేదు. అంతకు మించిన మంచు నేను చూడలేదు. అయినా కొన్నేళ్ళుగా నా రాత్రులు మంచులో తిరిగే ట్యాంకులకు, సైనికులకు రంగులు వేయడంలోనే గడుస్తున్నాయి. బొమ్మ ట్యాంకులు, బొమ్మ సైనికులు.

ఈ ఆటను వార్‌గేమింగ్ అంటారు. చదరంగంలాగే ఇద్దరు ఎదురెదురుగా ఆడతారు, కానీ గళ్ళుండవు. బల్ల మీద కొండలు, చెట్లు, ఊళ్ళు పేర్చుకోవాలి. ట్యాంకు ఎంత దూరం కదలాలో టేపుతో కొలవాలి. గుండు తగిలిందో లేదో పాచికలు చెబుతాయి. నేను వాడేది 72వ వంతు స్కేలు. టీ-72 ట్యాంకు నిజానికి, ఫిరంగి గొట్టం లెక్కలోకి తీసుకోకుండా, దాదాపు 7 మీటర్ల పొడవుంటుంది. నా బల్ల మీద 10 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. సైనికుడు రెండున్నర సెంటీమీటర్లు కూడా ఉండడు. మన బీచ్ రోడ్డులోని కుర్సురా సబ్‌మెరీన్ ఉంది కదా, 91 మీటర్ల పొడవు. దాన్ని ఇదే కొలతలో చేస్తే మీటరుంపావు దాటుతుంది.

తెల్లటి నేల మీద ఆకుపచ్చ ట్యాంకు ఎంతో దూరం నుంచే కంటపడుతుంది. 1939 చివర్లో ఫిన్లాండ్ మీదికి వెళ్ళిన సోవియట్ సైన్యానికి ఆ సంగతి అక్కడికి వెళ్ళాకే తెలిసొచ్చింది. ఫిన్లాండ్ సైనికులు తెల్లని పైబట్టలు తొడుక్కుని స్కీల మీద తిరుగుతుంటే, సోవియట్ ట్యాంకులు మొదట్లో పచ్చగానే ఉన్నాయి. 1941 చలికాలంలో మాస్కో ముంగిట జర్మన్లకూ అదే ఇబ్బంది వచ్చింది. తెల్ల రంగు చాలక సున్నం, సుద్ద నీళ్ళలో కలిపి బళ్ళకు పూశారు. సైనికులు పక్క దుప్పట్లు కప్పుకున్నారు.

సున్నం అన్న మాట చదవగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మంచు నాకు తెలియదు గానీ సున్నం బాగా తెలుసు. పాత ఊళ్ళో మా ఇంటికి ఏటా సంక్రాంతి ముందు సున్నం కొట్టేవాళ్ళం. గుల్లసున్నం ఊరబెట్టి, కాస్త బంక, చిటికెడు నీలిమందు అమ్మే కలిపేది. ఆ గోడకు ఆనుకుంటే చొక్కాకంతా అంటుకునేది. వాన జల్లు కొట్టే వైపు ముందుగా వెలిసిపోయేది. తలుపు పక్కన రోజూ చెయ్యి పడే చోట అరిగిపోయి కింది రంగు బయటపడేది. చూరు కింద మాత్రం ఏడాది పొడుగునా తెల్లగానే ఉండేది.

ట్యాంకు మీదా అంతే. సిబ్బంది బూట్లు ఆనే చోట, పై మూతల అంచుల్లో, పట్టుకుని ఎక్కే కడ్డీల దగ్గర తెలుపు ముందుగా పోతుంది. సందుల్లో, పెట్టెల వెనక నిలుస్తుంది. కుంచెతో హడావిడిగా పూసినప్పుడు బండి నంబరు చుట్టూ కొంత పచ్చదనం వదిలేసేవారు. ఇవన్నీ తెలిశాకే నా ట్యాంకులకు ప్రాణం వచ్చిందని నేను నమ్ముతాను. ట్యాంకు పచ్చనిదే, తెలుపు దాని మీద ఒక్క చలికాలం పాటు ఉండే పూత. వసంతం వస్తే కడిగేస్తారు.

అందుకే ముందు బొమ్మంతా ఆకుపచ్చ వేసి పూర్తిగా ఆరనిస్తాను. పైన వార్నిష్. దాని మీద జుట్టుకు కొట్టుకునే హెయిర్ స్ప్రే, ఆ తర్వాత పలుచగా ఆక్రిలిక్ తెలుపు. అది ఆరీ ఆరగానే, బాగా గట్టిపడకముందే, నీళ్ళలో ముంచిన పొట్టి కుంచెతో మెల్లగా రుద్దాలి. కింద హెయిర్ స్ప్రే నీటికి కరిగి, తెలుపు పెచ్చులుగా లేస్తుంది. ఇక్కడే చెయ్యి ఆపుకోవాలి. ఇంకొంచెం అనుకుంటే సగం ట్యాంకు బోసిపోతుంది.

అన్ని సైన్యాలూ ట్యాంకును తెల్లగా ముంచెత్తవు. 1970లలో అమెరికా సైన్యం నాలుగు రంగుల పద్ధతి పెట్టింది. రెండు రంగులు 45 శాతం చొప్పున, మిగతా రెండు 5 శాతం చొప్పున. ఋతువు మారితే ఒకటో రెండో రంగులు మార్చుకుంటే చాలు. మచ్చలు పడితే బండి రూపురేఖలు కంటికి చెదిరిపోతాయి. మన టీ-72, టీ-90 ట్యాంకులను 2020లో తూర్పు లడఖ్‌లో మోహరించారు. అక్కడ చాలా భాగం చలి ఎడారి. ఆ బల్లకు నేను మట్టి రంగే ఎక్కువ వేసి, మంచు అక్కడక్కడా చల్లుతాను. ఆ మంచు మా వీధిలో ముగ్గుపిండే, ఫెవికాల్‌తో కలిపినది.

సైనికులు ఇంకా కష్టం. తెల్లబట్టకు తెల్లరంగు వేస్తే బొమ్మ సుద్దముక్కలా అయిపోతుంది. ముందు లేత నీలి బూడిద రంగు వేయాలి. మడతల్లో దాన్ని అలాగే వదిలి, భుజాల మీద, మోకాళ్ళ మీద తెలుపు పెంచుకుంటూ పోవాలి. ఆకాశపు వెలుగు పడి మంచు మీద నీడలు నీలంగానే ఉంటాయట. మెడ దగ్గర లోపలి పచ్చ యూనిఫాం కాస్త కనిపించాలి. మోకాళ్ళకు, మోచేతులకు మట్టి అంటాలి. తుపాకీకి చుట్టిన తెల్లగుడ్డ మధ్య నల్లటి ఇనుము తొంగిచూడాలి. బూట్లు మరీ నల్లగా ఉండకూడదు. ఒక్కో మనిషికి నాకు రెండు రాత్రులు పడుతుంది, నాకు అది ఎక్కువ అనిపించదు.

మన సముద్రపు గాలితో ఒక్క జాగ్రత్త. ఒక జూలైలో డాబా మీద ఇరవై మంది బొమ్మ సైనికులకు మ్యాట్, అంటే మెరుపు లేని, వార్నిష్ స్ప్రే కొట్టాను. గాలిలోని తేమ పట్టేసి అందరి మీదా తెల్లటి పొగలాంటి పొర కట్టింది. వారాల తరబడి దిద్దిన నీడలన్నీ దాని కింద పోయాయి. చాలా బాధపడ్డాను. అప్పటి నుంచి స్ప్రే పని ఏదైనా సంక్రాంతి రోజుల్లో, పొడి మధ్యాహ్నం పూటే.

మొన్న అలా ఆరబెట్టిన ట్యాంకును అమ్మ చేతిలోకి తీసుకుంది. కళ్ళద్దాలు సర్దుకుని, వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది. "నీలిమందు కాస్త ఎక్కువైందిరా" అంది. నిజమే, ఎక్కువైంది. ఆ రాత్రి ఇంకో పలుచని తెలుపు పూత వేశాను.